దగ్గితే మూత్రం జారడం ఎందుకు?

తుమ్మినా, దగ్గినా, నీళ్ళ బిందె ఎత్తినా కొద్దిగా మూత్రం జారిపోయే ఇబ్బంది కాన్పులైన స్త్రీలలో చాలా మందికి ఉంటుంది. వైద్యులు దీనిని ‘స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్’ అంటారు. ఈ ‘స్ట్రెస్’కు మనసుతో సంబంధం లేదు; దగ్గినప్పుడు పొట్టలో పెరిగి మూత్రాశయంపై పడే ఒత్తిడి అని దాని అర్థం. మన ఇళ్ళలో ఈ సంగతి భర్తకు కూడా చెప్పరు. వుజూ నిలవదన్న దిగులుతో నమాజునే విడిచిపెట్టేవారూ ఉన్నారు.

మూత్రనాళాన్ని బిగించి ఉంచే ఒక కండర వలయం ఉంటుంది. దానిని నడిపేది ప్యుడెండల్ నరం. వెన్నుపాము చివర, త్రికాస్థి భాగానికి చెందిన రెండు, మూడు, నాలుగవ నాడుల నుండి ఇది బయలుదేరుతుంది. దగ్గు వచ్చే క్షణంలో ఈ నరం ద్వారా ఆజ్ఞ అంది, మనం తలచుకోకుండానే వలయం బిగుస్తుంది. ప్రసవంలో శిశువు తల దిగేటప్పుడు ఈ నరం సాగుతుంది, నలుగుతుంది. మూత్రాశయానికి ఆధారమైన కండరాలు కూడా వదులవుతాయి. చాలా మందిలో నరం కొన్ని నెలల్లో కోలుకొంటుంది. పూర్తిగా కోలుకోనప్పుడు ఆజ్ఞ బలహీనంగా చేరుతుంది. స్థూలకాయం, విడవని దగ్గు, మలబద్ధకం దానికి తోడైతే ఇబ్బంది ముదురుతుంది.

ఆ కండరాలకు వ్యాయామం ఉన్నదని అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రకటించారు. అపానవాయువును ఆపుకొనేటప్పుడు బిగించే కండరాలనే లోపలికి, పైకి బిగించి, కొన్ని క్షణాలు నిలిపి, వదలాలి. ఊపిరి బిగబట్టరాదు. ఒక్కో విడతకు కనీసం 8 సార్లు, రోజుకు 3 విడతలు, 3 నెలలు విడవకుండా చేయాలి. కూర కలుపుతూ కూడా చేయవచ్చు, ఎవరికీ తెలియదు! నీళ్ళు తాగడం మానివేయడం మాత్రం మందు కాదు. వ్యాయామంతో తగ్గకపోతే శస్త్రచికిత్స కూడా ఉంది.

ఇక నమాజు సంగతి. ఎప్పుడో దగ్గినప్పుడు చుక్క పడే స్త్రీ తడిసిన చోటు కడుక్కొని, వుజూ మళ్ళీ చేసుకొంటే చాలు. ఒక నమాజు వేళ మొత్తంలో వుజూ చేసి ఫర్జ్ పూర్తిచేసేంత విరామం కూడా దొరకని స్త్రీని హనఫీ ధర్మశాస్త్రం ‘మాజూర్’గా పరిగణిస్తుంది. ఆమె ఒక్కో వేళకు ఒక వుజూ చేసుకొంటే, మూత్రం కారుతున్నా ఆ వేళంతా అది చెల్లుతుంది.

మూత్రంలో రక్తం కనిపించినా, మంట ఉన్నా లేడీ డాక్టరుకు చూపించుకోవాలి. తొడల మధ్య తిమ్మిరి వచ్చినా, మూత్రం బొత్తిగా రాకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.