మీకు తెలుసా? మగ్గాల ఊరికి కొండల అండ

ముంబై దగ్గరి భివండి అనగానే పవర్‌లూమ్‌ల చప్పుడు, గోదాముల వరుసలు, తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లి పద్మానగర్‌లో స్థిరపడ్డ పద్మశాలీలు గుర్తుకొస్తారు. కానీ భివండి రోడ్ స్టేషన్ నుంచి వసై వైపు సాగే రైలు మార్గానికి ఉత్తరాన తుంగారేశ్వర్ కొండలున్నాయి. అక్కడ సుమారు 85 చదరపు కిలోమీటర్ల అడవిని 2003లో అభయారణ్యంగా ప్రకటించారు. పక్కనే శహాపూర్ తాలూకాలో తాన్సా అభయారణ్యం ఉంది. 1892లో కట్టిన తాన్సా జలాశయం నేటికీ ముంబై దాహం తీరుస్తోంది. ఇక్కడ వాన నాలుగు నెలల్లోనే కురిసిపోతుంది. చెట్ల వేళ్లు మట్టిని పట్టి ఉంచితేనే ఆ నీరు నేలలో ఇంకుతుంది, జలాశయంలో పూడిక తగ్గుతుంది. అంటే తాన్సా అడవి చిరుతలకు నెలవే కాదు, ముంబై నగరానికి నీటి కొట్టు కూడా.

అభయారణ్యం గీత గీస్తే వారలీ, కాత్కరీ ఆదివాసీల పొట్ట కొట్టినట్టే కదా అన్న అభ్యంతరం కొట్టిపారేయదగింది కాదు. అయితే 2006 నాటి అటవీ హక్కుల చట్టం అభయారణ్యాల్లోనూ వర్తిస్తుంది. అడవిని కాపాడే హక్కును గ్రామసభకు ఇస్తుంది. కాబట్టి పల్లెనో అడవినో ఎంచుకోవాల్సిన పని లేదు. పల్లెకు హక్కు దక్కితేనే అడవికి కాపలా నిలుస్తుంది.