ఓటు ఇక్కడ, మాట అక్కడ

2024 ఏప్రిల్ మొదటి ఆదివారం. సాయంత్రం వేళ వాషర్‌మెన్‌పేట్‌లోని మా ఇంట్లో నలుగురు చుట్టాలు చేరారు. కాఫీలు అయ్యాయి. టీవీలో తెలుగు వార్తలు వస్తున్నాయి. ఇక అడగాలా! పిఠాపురంలో పవన్ కల్యాణ్‌కు మెజారిటీ ఎంత, కుప్పంలో చంద్రబాబుకు ఎంత, పులివెందులలో జగన్‌కు ఎంత అంటూ లెక్కలు మొదలయ్యాయి. మా బావమరిది ఓ తెల్లకాగితం తీసుకుని జిల్లాలవారీగా సీట్లు పంచేశాడు. ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులో అంకెలతో కాపురం చేస్తున్నవాణ్ణి కదా, కూడికలు చూసిపెట్టి నేనూ నా వంతు సాయం చేశాను.

అంతలో ఇస్త్రీ బట్టల మూటతో అవ్వ వచ్చింది. మా వీధి మలుపులో ఆమె ఇస్త్రీ బండి. మా అమ్మ బతికున్న రోజుల నుంచీ మాకు అలవాటైన మనిషి. మూట దించి, టీవీ వంక ఓసారి చూసి, "సారూ, మీకు బూత్ స్లిప్పులు వచ్చినాయా? మా సందులో అందరికీ ఇచ్చేసినారు" అంది.

ఎవరమూ జవాబు చెప్పలేదు. "ఇంకా నెల పైన ఉంది కదా, పదమూడో తారీఖున గదా పోలింగు!" అన్నాడు మా బావమరిది.

"అది ఆంధ్రాలో సామీ! మనకు పందొమ్మిదో తారీకు, శుక్రవారం. ఇంక పన్నెండు దినాలే" అంది అవ్వ.

అందరం నవ్వేశాం. ఆ నవ్వులో కాస్త సిగ్గు కూడా కలిసింది. మే 13న మనకు ఓటు లేని చోట జరిగే పోలింగు తేదీ నోటికి వచ్చు, ఏప్రిల్ 19న మనం ఓటు వేయవలసిన తేదీ మాత్రం ఇస్త్రీ బండి అవ్వ గుర్తు చేయాలి! ఉత్తర చెన్నై లోక్‌సభ స్థానానికి ఎవరెవరు నిలబడ్డారని మా అమ్మాయి అడిగితే, నలుగురం కలిసి ఇద్దరి పేర్లు చెప్పగలిగాం. మా వార్డు కౌన్సిలర్ పేరు ఒక్కరికీ తెలియలేదు.

మద్రాసు తెలుగువాళ్లకు ఇది కొత్త జబ్బేమీ కాదు. 1983 జనవరిలో ఆంధ్రలో రామారావుగారు గెలిచినప్పుడు మా నాన్నగారు రేడియో దగ్గరి నుంచి లేస్తే ఒట్టు. వీధిలో మిఠాయిలు పంచారు. పుట్టిన ఊరి మీద మమకారం తప్పని నేననను. కాని ఓటు ఇక్కడ, మాట అక్కడ అయిపోతే, మన వీధి సంగతి ఎవరు మాట్లాడతారు?

ఈ పేటకు రాజకీయాలు తెలియవనుకుంటే పొరపాటు. ఈస్టిండియా కంపెనీ వారి బట్టలను ఉతికి, చలవ చేసే పనివాళ్లు స్థిరపడిన చోటు గనుక ఈ పేరు వచ్చింది. మా పెద్దవాళ్లు చాకలిపేట అనేవారు. తమిళులు వణ్ణారపేట్టై అంటారు. తెలుగు దేవాంగ కుటుంబానికి చెందిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు ఈ పేటలో ఉన్నవారే. 1916లో డాక్టర్ టి.ఎం. నాయర్ ప్రభృతులతో కలిసి, తర్వాత జస్టిస్ పార్టీగా పేరొందిన సంఘాన్ని స్థాపించారు. 1920 ఎన్నికల్లో ఆ పార్టీ నెగ్గితే, మద్రాసు రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యే అవకాశం వచ్చినా వద్దన్నారు. ఆయన కార్పొరేషన్ అధ్యక్షులుగా ఉన్న రోజుల్లోనే, 1920లో, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు ఉచితంగా మధ్యాహ్న ఆహారం పెట్టే పథకం మొదలైంది. నేటికీ ఆయన పేరున పాత వాషర్‌మెన్‌పేట్‌లో కళాశాల ఉంది. 2021 నుంచి ఆ పేరుతోనే మెట్రో స్టేషనూ ఉంది.

ఇక్కడికి దగ్గరే ఉన్న రాయపురం రాబిన్సన్ పార్కులో 1949 సెప్టెంబరులో, జోరున కురుస్తున్న వానలో, అన్నాదురై ద్రావిడ మున్నేట్ర కళగం తొలి బహిరంగ సభ జరిపారు. ఆ పార్టీ 1967లో అధికారంలోకి వచ్చింది. అంటే ఈ రాష్ట్ర రాజకీయాల్లో సగం చరిత్ర మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే పుట్టిందన్నమాట.

ఆ 1920 ఎన్నికల్లో ఎందరికి ఓటు ఉండేది? ఆస్తో, పన్నుల రశీదో చూపగలిగిన కొద్దిమందికి. ఆడవాళ్లకు అసలు లేదు. మద్రాసు శాసనమండలి 1921లో తీర్మానం చేశాక గాని వారికి ఆ హక్కు రాలేదు, అదీ ఆస్తి ఉన్నవారికే. ఆస్తి లేకపోయినా అందరికీ ఓటు అన్నది 1952 సార్వత్రిక ఎన్నికల నాటి మాట. ఇస్త్రీ బండి అవ్వ చేతికి బూత్ స్లిప్పు రావడం వెనుక ఇంత కథ ఉంది.

ఇక నా సొంత సంగతి. ఆ ఎన్నికలకు నాకు మైక్రో అబ్జర్వర్ డ్యూటీ పడింది. సమస్యాత్మకమని గుర్తించిన పోలింగు కేంద్రాల్లో కేంద్ర ప్రభుత్వోద్యోగుల్నీ, మా వంటి బ్యాంకు అధికారుల్నీ ఇలా కూర్చోబెడతారు. ఓటు యంత్రం ముట్టుకోకూడదు, ఎవరికీ ఆజ్ఞలు ఇవ్వకూడదు. చూడాలి, రాసుకోవాలి, పరిశీలకులకు నివేదిక ఇవ్వాలి. అంతే.

తెల్లవారుజామున ఐదింటికే నాకు కేటాయించిన బడికి చేరాను. ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో నమూనా పోలింగు జరిపి, లెక్క సరిచూసి, ఆ ఓట్లన్నీ చెరిపివేసి, యంత్రానికి సీలు వేశారు. మా బ్యాంకులో క్యాషు తాళం తీసేటప్పుడు ఉండే జాగ్రత్తలాంటిదే. ఏడింటికి తలుపు తెరిచేసరికి బయట వరుస కట్టి ఉన్నారు. టిఫిన్ క్యారియరు చేతబట్టుకుని పనికి పోయే మేస్త్రీలు, చేపల గంప పక్కన దించి వచ్చిన ఆడవాళ్లు, మనవడి భుజం పట్టుకుని వచ్చిన ముసలివాళ్లు. ఒక్కరూ రాజకీయాలు మాట్లాడలేదు. వేలికి సిరా పూయించుకుని, మీట నొక్కి, పక్కనున్న చిన్న అద్దంలో చీటీ కనిపించే ఆ ఏడు సెకన్లూ కళ్లార్పకుండా చూసి, వెళ్లిపోయారు.

వారినే చూస్తూ కూర్చున్న నాకు మధ్యాహ్నం భోజనం వేళ హఠాత్తుగా ఒక విషయం తట్టింది. నా ఓటు మాటేమిటి?

డ్యూటీలో ఉన్నవాళ్లు ముందుగా దరఖాస్తు పెట్టుకుంటే పోస్టల్ బ్యాలెట్టో, డ్యూటీ చేసే చోటే ఓటు వేసే సర్టిఫికెట్టో ఇస్తారు. శిక్షణ తరగతిలో మాకు ఆ ఫారం ఇచ్చారు. మార్చి నెలాఖరు, బ్యాంకు ఖాతాల ముగింపు హడావుడి. ఆ ఫారాన్ని నా బల్ల సొరుగులో పెట్టి మరిచిపోయాను. ఇంకొకరి మీద నెపం వేయడానికి వీల్లేదు. 1989 నవంబరులో, పద్దెనిమిదేళ్లకే ఓటు అన్న సవరణ వచ్చాక, మొదటిసారి ఓటేసినప్పటి నుంచి లోక్‌సభకు గాని శాసనసభకు గాని నేను ఒక్కసారీ మానలేదు. ఆ రోజు మాత్రం వందలమంది ఓట్లకు కాపలా కాసి, నాది పోగొట్టుకున్నాను.

మర్నాడు ఇస్త్రీ బండి దగ్గర అవ్వ నా చెయ్యి చూసింది. "ఏం నాయనా, నువ్వు వెయ్యలేదా?" అంది. జరిగింది చెప్పాను. ఆమె ఎగతాళి చేయలేదు. "పోన్లే, ఇంకోసారి మరువబాక" అంది. మొహమాటపడుతూనే అడిగాను, ఎవరైనా డబ్బిచ్చారా అని. ఇలా అడగడానికి కారణం ఉంది. మా పక్కనున్న ఆర్.కె. నగర్‌లో 2017 ఏప్రిల్ 12న జరగవలసిన ఉప ఎన్నికను డబ్బు పంపిణీ కారణంగానే ఎన్నికల సంఘం రద్దు చేసి, డిసెంబరు 21న తిరిగి జరిపింది.

అవ్వ బొగ్గులు ఎగదోస్తూ అంది: "ఇచ్చేవాళ్లు ఇస్తారు, తీసుకొనేవాళ్లు తీసుకుంటారు. లోపలికి పోయినాక నేనొక్కదాన్నే గదా సారూ! వాన నీళ్లు ఇంట్లోకి వచ్చిన దినం ఎవరు వచ్చినారో, ఎవరు రాలేదో నాకు తెలీదా?"

ఆమె లెక్క నాకు అర్థమైంది. మేము సీట్లు లెక్కపెట్టాం, ఆమె కాలువలు లెక్కపెట్టింది. ఆ 2024 ఎన్నికల్లో దక్షిణ చెన్నై, మధ్య చెన్నై స్థానాల్లో పోలింగు దాదాపు 54 శాతం అయితే, మా ఉత్తర చెన్నైలో దాదాపు 60. ఆంధ్రలో 80 దాటింది. ఇక 2022 ఫిబ్రవరిలో, 200 వార్డుల చెన్నై కార్పొరేషన్‌కు జరిగిన ఎన్నికల్లో నగరమంతా కలిపి సగంమంది కూడా రాలేదు. రానివారిలో నేనూ ఒకణ్ణి! వాననీటి కాలువ, వీధిదీపం, చెత్తబండి, అన్నీ కార్పొరేషన్ చేతిలోనివే. త్యాగరాయ చెట్టిగారు పదవిని వద్దని, పని చేసి చూపించిన సంస్థ అది. దాన్నే మనం పట్టించుకోవడం మానేశాం.

2025 నవంబరులో తమిళనాడులో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలై, ఇంటింటికీ ఫారాలు వచ్చాయి. పాత జాబితాలోని వివరాలు రాయాలి. అవ్వకు చదువు రాదు. ఆమె సందులో చాలామంది పరిస్థితి అదే. ఆ నెల ఆదివారాల్లో ఇస్త్రీ బండి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఆ ఫారాలు పూర్తి చేసిపెట్టాను. మా బావమరిదిని కూడా లాక్కొచ్చాను. జిల్లాలవారీగా సీట్లు పంచిన చెయ్యి గదా, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి!

మన పత్రిక పాఠకులు చాలామంది ఈ నగరంలోనే ఉన్నారు. ఆంధ్ర, తెలంగాణ కబుర్లు చెప్పుకోవద్దని నేననను. నేనూ మానలేను. అయితే టీవీ కట్టేశాక ఇంట్లో అందరూ ఒక ప్రశ్న వేసుకోండి: మన వార్డు నంబరెంత, కౌన్సిలర్ ఎవరు, జాబితాలో మన పేరుందా? పేరు లేకపోతే ఫారం 6, ఇల్లు మారితే ఫారం 8. సందేహాలకు 1950కి ఫోన్ చేయవచ్చు. మా ఇంట్లో జవాబులు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాం. రాసింది మా అమ్మాయి. వార్డు నంబరు చెప్పింది మాత్రం అవ్వే.