గుత్తిలో లేని గుత్తి సాలీడు

తాపేశ్వరం మడత కాజా, కాకినాడ గొట్టం కాజా పక్కపక్కన పెడితే మన గోదావరి జిల్లాల్లో చిన్న పిల్లాడు కూడా ఏది ఏదో చెప్పేస్తాడు. అదే హైదరాబాద్‌లో ఏదో షాపులో డబ్బా మీద "ఆత్రేయపురం పూతరేకులు" అని రాసి ఉందనుకోండి. అవి నిజంగా ఆత్రేయపురంలో చుట్టినవేనా అని రేకు చూసి చెప్పగలమా? కష్టం. డబ్బా మీది మాట నమ్మాల్సిందే. అంటే కొన్ని తేడాలు కంటికి కనిపిస్తాయి, కొన్ని లేబుల్ మీద మాత్రమే ఉంటాయి.

టరాంటులాలను పెంచేవాళ్ళకి రోజూ ఎదురయ్యే సమస్య ఇదే. అవునండీ, కుక్కల్లాగా, చిలకల్లాగా పెద్ద సాలీళ్ళను పెంచేవాళ్ళు యూరప్‌లో, అమెరికాలో బోలెడుమంది ఉన్నారు. వాళ్ళు ముచ్చటపడే సాలీళ్ళలో ఒకటి అచ్చంగా మన ఆంధ్రాది. పేరు "గుత్తి సఫైర్". లోహంలా మెరిసే నీలం రంగు, కాళ్ళ మీద పసుపు మచ్చలు, కాళ్ళు చాపితే 15 నుంచి 20 సెంటీమీటర్లు.

దీని శాస్త్రీయ నామం పోయెసిలోథీరియా మెటాలికా. భయపడకండి, ఇది మన పేర్ల పద్ధతే. మనం ఇంటిపేరు ముందు రాసి తర్వాత పేరు రాస్తాం కదా, అలాగే పోయెసిలోథీరియా ఇంటిపేరు, మెటాలికా సొంత పేరు. ఈ ఇంటిపేరు గల సాలీళ్ళు ఇండియాలో, శ్రీలంకలో తప్ప ఇంకెక్కడా సహజంగా ఉండవు. ఇవన్నీ చెట్ల తొర్రల్లో, బెరడు పగుళ్ళలో బతుకుతాయి.

1899లో ఆర్.ఐ. పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఈ నీలం సాలీడును మొదటిసారి వర్ణించాడు. దొరికింది ఒక్కటే, అదీ అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వే కలప యార్డులో. అందుకే ఆ ఊరి పేరు దానికి అంటుకుపోయింది. మళ్ళీ శాస్త్రవేత్తల కంట పడ్డానికి 102 ఏళ్ళు పట్టింది. 2001లో అది కనిపించింది గుత్తిలో కాదు, సుమారు 100 కిలోమీటర్ల అవతల నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో! అప్పట్లో అడవిలో నరికిన దుంగలతో పాటు అదీ రైలెక్కి గుత్తిలో దిగిపోయి ఉంటుందని ఇప్పుడు అందరూ అనుకుంటున్నారు. అంటే గుత్తి దాని ఊరు కాదు, అది దిగిన స్టేషన్ మాత్రమే. అది బతికే అడవి 100 చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు, అందులోనూ కట్టెల కోసం చెట్లు నరికేస్తున్నారు. 2008లో దాన్ని అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో పెట్టారు.

ఒక్క తప్పు లేబుల్ వంద సంవత్సరాలు నడిచింది చూడండి. మన సీఎస్ భాషలో చెప్పాలంటే డేటా కరెక్టే, లొకేషన్ కాలమ్ మాత్రం తప్పు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ సాలీళ్ళను ఒకదాని నుంచి ఒకటి ఎలా గుర్తుపడతారు?

మొదటి రూల్: పైన చూడకు, కింద చూడు. పైనుంచి చూస్తే దాదాపు అన్నీ బూడిద, తెలుపు, నలుపు కలిపిన ముగ్గులా ఉంటాయి. చెట్టు బెరడు మీద కలిసిపోవడానికి ఆ డిజైన్. తేడాలు అడుగున ఉంటాయి. ముఖ్యంగా మొదటి జత, నాలుగో జత కాళ్ళ అడుగు భాగంలో పసుపు, తెలుపు, నలుపు పట్టీలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో చూస్తారు. రెగాలిస్ అనే జాతికి పొట్ట కింద అడ్డంగా లేత రంగు పట్టీ ఉంటుంది, దాన్ని బట్టి ఇట్టే తెలిసిపోతుంది. గాజు పెట్టెలో పెంచేవాళ్ళు సాలీడు గోడ ఎక్కేదాకా ఆగి అటువైపు నుంచి ఫోటో తీసుకుంటారు.

రెండో రూల్: రంగును నమ్మకు. పిల్ల మెటాలికా అంత నీలంగా ఉండదు, కుబుసం విడిచిన కొద్దీ నీలం తేలుతుంది. ఎదిగిన మగది మళ్ళీ వెలిసిపోయినట్టు అవుతుంది. కుబుసం విడవబోయే ముందు ఏ సాలీడైనా మసకబారుతుంది. పైగా ఆ నీలం రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు, వెంట్రుకల్లోని అతి సూక్ష్మమైన నిర్మాణాల మీద కాంతి పడి వచ్చేది. కాబట్టి లైటు మారితే, కెమెరా మారితే షేడ్ మారిపోతుంది. టరాంటులాల్లో నీలం కనీసం ఎనిమిది సార్లు విడివిడిగా పుట్టిందని 2015లో ఒక పరిశోధన తేల్చింది. రంగు కలిసినంత మాత్రాన చుట్టాలు కారు.

మూడోది రూల్ కాదు, చిక్కు. ఒకే జాతిలో వేరే వేరే ప్రాంతాల రూపాలు ఉంటే? శ్రీలంకలో సబ్‌ఫస్కా అనే జాతి ఉంది. బారా అని ఇంకో జాతి ఉండేది, తర్వాత రెండూ ఒకటేనని కలిపేశారు. పెంచేవాళ్ళు మాత్రం ఇప్పటికీ "ఎత్తు ప్రాంతంది", "పల్లపు ప్రాంతంది" అని రెండు లేబుళ్ళు రాసి విడివిడిగానే పెంచుతారు. చాదస్తం అనిపిస్తుంది కానీ కారణం ఉంది. రెండు చోట్లవి కలిపి పిల్లల్ని పుట్టిస్తే ఆ పిల్లలు ఏ చోటివీ కావు. రేపు జాతుల లెక్క మారి అవి నిజంగా వేరే వేరే అని తేలితే, కలిపినవాటిని విడదీసే అన్‌డూ బటన్ లేదు. అందుకే ఊరు తెలియని సాలీడుకు ఊహించి ఊరు పేరు రాయడం కన్నా ఖాళీగా వదిలేయడం మేలు.

ఇది మనకెందుకు అంటారా? తూర్పు కనుమల పటం తీయండి. దక్షిణాన సేలం వైపు దొరికినదానికి ఫార్మోసా అని, ఉత్తరాన ఛోటానాగ్‌పూర్ వైపు దొరికినదానికి మిరాండా అని పోకాక్ పేర్లు పెట్టాడు. ఆంధ్ర తూర్పు కనుమల నుంచి 2006లో టైగ్రినావెసెలై అనే ఇంకో జాతిని వర్ణించారు. ఈ మూడూ ఒకదానికొకటి బాగా దగ్గరి పోలికలతో ఉంటాయి, పెంచేవాళ్ళు తరచూ తికమకపడతారు. ఆ సేలానికీ ఛోటానాగ్‌పూర్‌కీ మధ్య కొండల వరసలోనే మన పాపికొండలు, రంపచోడవరం, మారేడుమిల్లి ఉన్నాయి. ఇక్కడ సరైన ఊరు పేరుతో ఉన్న ఒక్క మంచి ఫోటో కూడా విలువైన డేటానే.

కాబట్టి ఈసారి మారేడుమిల్లి ట్రిప్‌కి వెళ్తే చెట్టు తొర్రలు కాస్త గమనించండి. ముందు ఒక మాట: హాస్టల్ బాత్రూమ్ గోడ మీద పీతలా కాళ్ళు పక్కకి పరుచుకుని, కొన్నిసార్లు పొట్ట కింద తెల్లటి బిళ్ళ లాంటి గుడ్ల సంచి మోస్తూ కనిపించేది టరాంటులా కాదు. అది హంట్స్‌మన్, బొద్దింకల్ని తింటుంది, దాన్ని చెప్పుతో కొట్టకండి. అసలుది కనిపిస్తే మాత్రం ముట్టుకోవద్దు. చాలా వేగంగా పరిగెడుతుంది, కరిస్తే కండరాలు రోజుల తరబడి పట్టేస్తాయి. దూరం నుంచి ఫోటో తీయండి. చెట్టు పేరు, తేదీ, దగ్గర్లోని ఊరు రాసుకోండి.

ఆ లొకేషన్ పిన్ మాత్రం ఇన్‌స్టాలో పెట్టకండి. సరైన చోటు శాస్త్రవేత్తకి ఎంత అవసరమో, పట్టుకెళ్ళి అమ్మేవాడికి కూడా అంతే అవసరం. ఈ ప్రజాతి మొత్తాన్ని 2019లో సైటిస్ రెండో అనుబంధంలో చేర్చారు, పర్మిట్ లేకుండా దేశాలు దాటించకూడదు. ఐనాచురలిస్ట్ యాప్‌లో లొకేషన్‌ని "అబ్‌స్క్యూర్డ్" అని పెడితే బయటివాళ్ళకి సుమారు 20 కిలోమీటర్ల గడి మాత్రమే కనిపిస్తుంది, అసలు పాయింట్ రికార్డులో భద్రంగా ఉంటుంది.

గుత్తి సాలీడు ఇల్లు ఎక్కడో తెలియడానికి వందేళ్ళు పట్టింది. మన కొండల్లో ఉన్నవాటికి ఊరు పేరు మొదటిసారే సరిగ్గా రాసిపెడదాం.