కణంలో కొవ్వు కదలకపోతే...

బాగా చదివే పిల్లాడు ఉన్నట్టుండి వెనకబడుతున్నాడా? మెట్లు దిగేటప్పుడు తడబడుతున్నాడా? పగలబడి నవ్వితే కాళ్లు పట్టుతప్పి కూలబడుతున్నాడా? బద్ధకమనో, అల్లరనో కొట్టిపారేయకండి. చాలా అరుదుగానైనా వీటి వెనక నీమన్-పిక్ టైప్ సి అనే జన్యువ్యాధి ఉండొచ్చు.

ఇంటిదాకా చేర్చే ప్రొటీన్లు

చారు మీద నూనె బొట్టు తేలుతుందే గానీ కలవదు. కణంలోనూ అంతే. లోపలున్నది ఎక్కువగా నీరే కాబట్టి కొవ్వు తనంతట తాను సులువుగా కదల్లేదు. ఒక పొర నుంచి మరో పొరకు దాన్ని మోసుకెళ్లడానికి ప్రత్యేకమైన ప్రొటీన్లున్నాయి. బోరబండ ఇరుకు గల్లీల్లోకి పెద్ద లారీ రాదు కదా! సరుకు రోడ్డు మీద దిగాక చిన్న బండ్లే గుమ్మం దాకా చేరుస్తాయి. రక్తంలో ఎల్‌డీఎల్ లారీ అయితే, కణంలో ఈ ప్రొటీన్లే చిన్న బండ్లు.

ఎల్‌డీఎల్ తెచ్చిన కొలెస్ట్రాల్ ముందు లైసోజోమ్ అనే సంచిలోకి చేరుతుంది. అక్కడ ఎన్‌పీసీ2 ప్రొటీన్ దాన్ని అందుకుని, సంచి గోడలోని ఎన్‌పీసీ1కు ఇస్తుంది. అక్కడి నుంచి అది మిగతా పొరలకు వెళ్తుంది. ఈ రెండింట్లో ఏది పనిచేయకపోయినా కొవ్వు సంచిలోనే పేరుకుపోతుంది. కాలేయం, ప్లీహం ఉబ్బుతాయి. మెదడు కణాలు క్రమంగా దెబ్బతింటాయి. దాదాపు 95% మందిలో లోపం 1997లో గుర్తించిన ఎన్‌పీసీ1 జన్యువులోనే ఉంటుంది.

ఇది మామూలు లిపిడ్ ప్రొఫైల్‌తో తేలే జబ్బు కాదు. నూనె, నెయ్యి మానేస్తే తగ్గేదీ కాదు.

ఎప్పుడు అనుమానించాలి?

* పుట్టినప్పుడు కామెర్లు ఎక్కువకాలం ఉండటం
* కారణం తెలియకుండా ప్లీహం పెరగటం
* కళ్లను పైకీ కిందికీ తిప్పలేకపోవటం
* మాట ముద్దగా రావటం, మింగటం కష్టమవటం
* నేర్చుకున్నవి మర్చిపోవటం

వీటిలో ఒక్కటి కనిపించినంత మాత్రాన కంగారుపడొద్దు. రెండు, మూడు కలిసి ఉంటే మాత్రం పిల్లల నరాల నిపుణులకు చూపించండి.

మేనరికమైతే...

తల్లిదండ్రులిద్దరిలోనూ లోపమున్న జన్యువు ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25%. మేనరికాల్లో ఇద్దరిలోనూ అదే లోపం ఉండే ముప్పు ఎక్కువ. కుటుంబంలోని జన్యులోపం ముందే తెలిస్తే, తర్వాతి గర్భంలో సుమారు 11 వారాలకు పరీక్ష చేయించుకోవచ్చు. ఇందులో తల్లి తప్పేమీ లేదు. ఆమెను నిందించొద్దు.

ఎక్కడికి వెళ్లాలి?

పంజాగుట్టలోని నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. నిమ్స్, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ కలిసి 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ప్రత్యేక కేంద్రంగా పనిచేస్తున్నాయి. జాబితాలోని జబ్బులకు రూ.50 లక్షల వరకు సాయం అందుతుంది. మీ బిడ్డకు వర్తిస్తుందో లేదో అక్కడే అడగండి.

జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. మిగ్లుస్టాట్ నరాల నష్టాన్ని నెమ్మదింపజేస్తుంది. 2024 సెప్టెంబరులో అమెరికా మరో రెండు మందులను ఆమోదించింది. నష్టం ముదరకముందే గుర్తిస్తేనే మందుతో మేలు ఎక్కువ. పాత రిపోర్టులన్నీ, ముఖ్యంగా పుట్టినప్పటి కామెర్ల కాగితాలు, వెంట తీసుకెళ్లండి.