నల్లమల దారిలో రెండు దినములు

ఖతారు దేశమున, దోహాకు ఉత్తరముగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున, సముద్రతీరమునందు రాస్ లఫాన్ అను పారిశ్రామిక నగరము గలదు. 1996లో సహజవాయువును ద్రవముగా మార్చి ఓడలకెక్కించుట అచ్చట మొదలయ్యెను. మా మేనల్లుడు అచ్చటనే పని చేయుచున్నాడు. ఆ దేశమంతటిలో మిక్కిలి ఎత్తైన చోటు 103 మీటర్లు మాత్రమే. మన లె పూస్ శిఖరము 812 మీటర్లని పాఠకు లెరుగుదురు.

మేనల్లుని బాల్యమున జబ్బు చేసినప్పుడు మా అక్క శ్రీశైల మల్లన్నకు కాలినడక మొక్కుకొనినది. ఆమెకు ఇప్పుడు మోకాళ్లు సహకరింపవు. కర్నూలు ప్రాంతపు తోటి పనివాడొకడు “శివరాత్రికి నాతో నడిచి వస్తావా అన్నా?” అని యడుగగా, తల్లి మొక్కు తానే తీర్చెదనని మావాడు బయలుదేరెను. రెండు నెలలు ప్రతి సాయంకాలము చదునైన నేలపై పది కిలోమీటర్లు నడచి, ఇక చాలుననుకొనెను.

మన గంగా తలావు యాత్రతో ఈ నడకను పోల్చరాదు. మనకు తారు రోడ్డును, అడుగడుగున పానీయములిచ్చు బంధుమిత్రులును గలరు. నల్లమల యన్ననో, భారతదేశమున విస్తీర్ణమునం దన్నిటికంటె పెద్దదగు పులుల అభయారణ్యము. శివరాత్రి, ఉగాది దినములయందు అటవీశాఖవారి అనుమతితో యాత్రికులు గుంపులుగా పోవుదురు. ఒంటరిగా పోరాదు.

ఆత్మకూరు సమీపమునందలి వెంకటాపురమువద్ద నడక మొదలగును. నాగలూటి వీరభద్రుని దర్శించి, అడవిలో నడచి, చీకటి పడునప్పటికి పెచ్చెరువు చేరవలెను. అచ్చట చెంచుల గూడెము గలదు. చెంచులకు మల్లన్న తమ ఇంటి అల్లుడు! కన్నడ భక్తులును భ్రమరాంబను తమ ఆడపడుచనియే చెప్పుకొందురు. ఇందరు పుట్టింటివారు గల తల్లి వేరొకతె యుండునా? చెట్లక్రింద దుప్పటి పరచుకొని పరుండుటయే విడిది. పగటి యెండను జూచి మోసపోరాదు. తెల్లవారుజామున చలి ఎముకలు కొరుకును.

రెండవ దినమున మఠంబావి దాటిన పిమ్మట భీముని కొలను లోయ యెదురగును. అసలు పరీక్ష అక్కడనే. నిటారైన రాతిమెట్లు లోయలోనికి దిగి, మరల కైలాసద్వారమునకు ఎక్కును. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు మెట్లు కట్టించెనని చరిత్ర చెప్పుచున్నది. మెట్లు లేని కాలమున జనులెట్లు పోయిరో!

మావానికి ఎక్కుటకు ముందు దిగుటయే ముప్పు తెచ్చినది. చదును నేలపై నడచిన కాళ్లకు దిగుడు తెలియదు. సగము దిగునప్పటికి మోకాళ్లు వణకజొచ్చెను. సీసాలో నీరు గ్రుక్కెడే మిగిలెను. వాహనము వచ్చు చోటు కాదు. వెనుకకు మరలినను అంతే శ్రమ. మొక్కు చెల్లకపోవునేమోయని కన్నీరు వచ్చెనట.

అప్పుడొక కన్నడ ముసలమ్మ, వట్టి కాళ్లతో దిగుచున్నది, ఆగి తన చేతికర్ర నిచ్చి, మెట్టుకు ప్రక్కవాటుగా పాదము మోపి దిగుమని సైగతో చూపినది. భాష తెలియదు, పేరు తెలియదు. ఆ విధముగా దిగి, కొలనువద్ద ముఖము కడుగుకొని, ఇరువది మెట్లకొకసారి కూర్చుండుచు మావాడు ఎక్కెను. కైలాసద్వారము చేరునప్పటికి దీపములు వెలిగినవి. కర్ర తిరిగి యిత్తునని వెదకగా ఆమె జనములో కలిసిపోయినది.

పోగోరు మన యువకులకు ఒక మాట. నడక సాధనతో సరిపుచ్చక మూడు నెలలు కొండ దిగుట నేర్వుడు. లె పూస్ మనకున్నది గదా! నీరు రెండింతలు మోయుడు, ఖాళీ సీసాలు అడవిలో పారవేయక తిరిగి తెండు. పెద్దలకు శ్రీశైలమువరకు బస్సు గలదు.

ఆ కర్ర ఇప్పుడు మా అక్క ఇంటిలో దేవుని గది తలుపు వెనుక నున్నది.