రెక్కల తిరునాళ్ల

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఫిస్క్ అని ఒక ఊరుంది. నాలుగిళ్లు, పక్కన రైలు పట్టాలు, చుట్టూ పొలాలు. ఏడాదంతా ఆ ఊరి పేరు ఎత్తేవాళ్లుండరు. జులై ఆఖరు వచ్చేసరికి మాత్రం చిన్న విమానాల పైలట్లందరి నోటా అదే మాట. రైలు పట్టాల వెంట 1,800 అడుగుల ఎత్తున, గంటకు 90 నాటికల్ మైళ్ల వేగంతో, అర మైలు ఎడంలో ఒకరి వెనక ఒకరు వరుస కట్టి ఆ ఊరి మీదికి వస్తారు. కింద బైనాక్యులర్లు పట్టుకుని కూర్చున్న కంట్రోలర్లు విమానం నంబరుతో పని పెట్టుకోరు. రంగును, రెక్క పైనుందా కిందుందా అన్నదాన్ని బట్టి పిలుస్తారు. ‘పసుపు రంగు విమానం, పై రెక్కది... ఓసారి రెక్కలూపు’ అంటారు. పైలట్ రేడియోలో జవాబివ్వక్కర్లేదు. రెక్కలు అటూ ఇటూ ఊపితే విన్నట్టే లెక్క.

అక్కణ్నుంచి కాసేపట్లోనే ఆష్‌కాష్‌. విట్‌మన్ ప్రాంతీయ విమానాశ్రయం. రన్‌వే మీద పెద్ద పెద్ద రంగు చుక్కలు వేసి ఉంటాయి. ముందొచ్చినవాణ్ని ఆకుపచ్చ చుక్క దగ్గర దిగమంటారు, వెనకాలవాణ్ని నారింజ చుక్క దగ్గర దిగమంటారు. మామూలు రోజుల్లో ఒకే రన్‌వే మీద అంత దగ్గర దగ్గరగా దిగనివ్వరు. విమాన ప్రదర్శన జరిగే ఈ వారానికి మాత్రం ప్రత్యేక అనుమతి ఉంటుంది. గులాబీ చొక్కాలు వేసుకున్న కంట్రోలర్లు ఇక్కడ డ్యూటీ కోసం దేశమంతటి నుంచీ పోటీపడి వస్తారు. ఆష్‌కాష్‌కు, చుట్టుపక్కల ఎయిర్‌పోర్టులకు కలిపి వచ్చే విమానాలు పది వేల దాకా ఉంటాయి. 2023లో వచ్చిన జనం 6.77 లక్షలు.

ఈ ప్రదర్శన పేరు ఎయిర్‌వెంచర్. నడిపేది ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్. షికాగో నుంచి కారులో మూడు గంటల ప్రయాణం కాబట్టి, అక్కడి మన తెలుగువాళ్లు పిల్లల్ని వెంటేసుకుని రావడం కనిపిస్తుంది. మన దగ్గర విమాన ప్రదర్శన అంటే సూట్లు, ఒప్పందాలు, మంత్రుల ప్రారంభోత్సవాలు. ఇక్కడ అవీ లేకపోలేదు. పెద్ద కంపెనీల ఏసీ గుడారాలున్నాయి, రంగురంగుల బ్రోచర్లున్నాయి, తాడు కట్టి దూరం నుంచి చూపించే బిజినెస్ జెట్లున్నాయి. వాటిని చూడ్డానికి ఓ గంట చాలు. అసలు సరుకంతా గడ్డి మీద ఉంది.

గడ్డి మీద విమానాలు బారులు తీరి ఉంటాయి. ప్రతి రెక్క కింద ఓ గుడారం, రెండు మడత కుర్చీలు, కాఫీ కాచుకునే పొయ్యి. రెక్కకు దన్నుగా ఉండే కడ్డీ మీద తడి తువ్వాలు. తిరునాళ్లకు బళ్లు కట్టుకొచ్చి వాటి కిందే సంసారం పెట్టినట్టు, వారం పాటు అక్కడే వంట, అక్కడే నిద్ర.

వీటిలో చూడగానే గుర్తుపట్టేది పసుప్పచ్చ పైపర్ కబ్. 1938 నుంచి 1947 దాకా ఇరవై వేలకు దగ్గరగా తయారయ్యాయి. ఇంజిను 65 హార్స్‌పవర్. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే బుల్లి కారుదీ సుమారుగా అంతే. రెక్క అంటే రేకు కాదు, చట్రం మీద బిగించి రంగు పూసిన బట్ట. లోపల పెట్రోలు మీటరు కోసం వెతక్కండి, లేదు. పైలట్ ఎదురుగా, ముక్కు మీదున్న ట్యాంకు మూతలోంచి సన్నటి ఇనుప తీగ పైకి పొడుచుకుని ఉంటుంది. దాని అడుగున తేలే బెండు. పెట్రోలు తగ్గేకొద్దీ తీగ కిందికి దిగిపోతుంది. తీగ మూతకు ఆనుకుందంటే చప్పున ఎక్కడో ఒకచోట దిగాలి. ఒక్కరే వెళ్తే వెనక సీట్లోనే కూర్చోవాలి, లేకపోతే బరువు ముక్కు మీద పడుతుంది. ఇందులో అర్థం కాని వస్తువు ఒక్కటీ లేదు. తాడు లాగితే ఏది కదులుతుందో కంటికి కనిపిస్తుంది. వందల కోట్ల జెట్ చూస్తే ‘అబ్బో’ అనిపిస్తుంది. కబ్‌ను చూస్తే ‘ఓహో, ఇలాగా!’ అనిపిస్తుంది. నా ఓటు రెండోదానికే.

ఇక హోంబిల్ట్ వరుసలు. అంటే ఇంట్లో కట్టుకున్న విమానాలు. అమెరికా చట్టం ప్రకారం, పనిలో సగానికి పైగా సొంతంగా, నేర్చుకోవడానికో సరదాకో చేసుకుంటే ఆ విమానాన్ని ‘ఎక్స్‌పెరిమెంటల్’ తరగతిలో నమోదు చేస్తారు. తనిఖీ ఉంటుంది, నిర్ణీత గంటలు పరీక్షగా ఎగరాలి, ఆ తర్వాతే ఇంకొకర్ని సరదాగా ఎక్కించుకోవాలి. వీటిలో సింహభాగం ఆర్వీలు. రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ అనే ఇంజినీరు 1971లో తన ఆర్వీ-3ని ఎగరేసి, మరుసటి సంవత్సరం ఆష్‌కాష్‌కు తెచ్చారు. ఆయన కంపెనీ కిట్లతో కట్టి ఎగరేసినవి ఇప్పటికి 11 వేలు దాటాయి.

ఆర్వీ రెక్కను దగ్గరగా చూస్తే రివెట్లు వేలల్లో కనిపిస్తాయి. తలలన్నీ రేకుతో సమంగా, చెయ్యి వేస్తే తగలకుండా. ఒకరు బయటినుంచి రివెట్ గన్‌తో కొడుతుంటే, ఇంకొకరు రేకు వెనక ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. అందుకే ఏ విమానం దగ్గర చూసినా ‘సగం రివెట్లు మా ఆవిడవే’ తరహా కబుర్లు వినిపిస్తాయి. ఓ తెలుగు పిల్లాడు వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని లాగుతూ, ‘‘నాన్నా, దీన్ని ఏ కంపెనీవాళ్లు చేశారు?’’ అన్నాడు. తండ్రి, కుర్చీలో కూర్చున్న ముసలాయన్ని చూపించాడు. పిల్లాడు ఆయన్నీ విమానాన్నీ మార్చి మార్చి చూశాడు కానీ, నమ్మినట్టు లేదు.

ఆ వరుసల్లోనే మోకాళ్ల మీద వంగినట్టు ముక్కు నేలకు ఆనించి నిలబెట్టిన విమానాలు కొన్ని ఉంటాయి. చెడిపోయినవనుకోకండి. బర్ట్ రుటాన్ డిజైన్లవి. వాటిలో చిన్న రెక్క ముందుంటుంది, ఇంజిను వెనక. పైలట్ దిగిపోతే బరువంతా వెనక్కి పోయి వెల్లకిలా పడుతుందని, ముందు చక్రం మడిచి ముక్కు మీద నిలబెడతారు. 1975లో వేరీ-ఈజీతో ఆష్‌కాష్‌కు వచ్చిన రుటాన్, తర్వాత వాయేజర్ రూపొందించారు. 1986లో అది ఎక్కడా ఆగకుండా, మధ్యలో ఇంధనం నింపకుండా తొమ్మిది రోజుల్లో భూమిని చుట్టింది. 2004లో ఆయన స్పేస్‌షిప్‌వన్ అంతరిక్షం అంచు తాకింది. మన బండ్ల శిరీష 2021 జులై 11న ఎక్కిన ‘యూనిటీ’ వ్యోమనౌక ఆ వంశంలోదే. ఇంట్లో ఫోమ్, ఫైబర్ గ్లాస్‌తో కట్టుకునే విమానాల దగ్గర్నుంచి గుంటూరు ఆడపడుచు రోదసి యాత్ర దాకా దారి ఈ గడ్డి మీదుగానే పోయింది.

విమానాలు తయారుచేసే సిర్రస్ కంపెనీ కథా ఇలాంటిదే. విస్కాన్సిన్‌లోనే దాన్ని మొదలుపెట్టిన క్లాప్‌మయర్ సోదరులు 1987లో ఒక కిట్ విమానాన్ని ఇక్కడ చూపించారు. ఇవాళ వాళ్లు పెట్టిన ఆ కంపెనీ పేరు చెప్పగానే గుర్తొచ్చేది పారాచూట్. పైలట్‌కు కాదు, మొత్తం విమానానికి! లోపల పైకప్పుకు ఉన్న ఎర్రటి పిడి లాగితే చిన్న రాకెట్ పేలి గొడుగు విచ్చుకుంటుంది, విమానం మనుషులతో సహా కిందికి దిగుతుంది.

ఈ జాతరకు ఆద్యుడు పాల్ పోబెరెజ్నీ. 1953లో మిల్వాకీలో గుప్పెడు మందితో సంఘం పెట్టి, తన ఇంటి బేస్‌మెంట్‌లోంచే నడిపారు. 1955లో ‘ఇంజినుతో కలిపి 800 డాలర్లలోపు విమానం’ అని ఓ పత్రికలో ఆయన రాసిన వ్యాసాలు చదివి ఉత్తరాలు వెల్లువెత్తాయి. 1970లో ప్రదర్శన ఆష్‌కాష్‌కు మారి స్థిరపడింది.

ఆ 800 డాలర్ల రోజులు పోయాయి. ఇప్పుడు కొత్త ఇంజినుతో ఆర్వీ కట్టాలంటే లక్ష డాలర్లు దాటుతుంది. టోపీల కింద నెరిసిన తలలే ఎక్కువ కనిపించడానికి అదీ ఓ కారణం. ఇంకా చాలా విమానాలు సీసం కలిసిన నీలం రంగు విమాన పెట్రోలు ‘ఏవ్‌గ్యాస్’ మీదే నడుస్తున్నాయి. ప్రమాదాలూ లేకపోలేదు. 2023 జులై 29న ఒక్కరోజే ప్రదర్శన సమయంలో రెండు దుర్ఘటనల్లో నలుగురు చనిపోయారు. హైదరాబాదీలకూ ఆ బాధ తెలుసు. 2010 మార్చిలో బేగంపేట ప్రదర్శనలో నౌకాదళ విన్యాసాల బృందం ‘సాగర్ పవన్’ విమానం ఒకటి బోయిన్‌పల్లి ఇళ్ల మీద కూలి ఇద్దరు పైలట్లు ప్రాణాలు కోల్పోయారు.

బేగంపేటలో రెండేళ్లకోసారి జరిగే వింగ్స్ ఇండియా మనకున్న పెద్ద పౌర విమాన ప్రదర్శన. 2024లో ఎయిరిండియా కొత్త ఎ350 చూడ్డానికి జనం ఎగబడ్డారు. బాగానే ఉంది. కానీ అది కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ ఏర్పాటైన సంత, కట్టేవాడికి చోటు తక్కువ. ముంబైలో ఇంటి మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్‌ను గుర్తు చేసుకోండి. 2016లో మేకిన్ ఇండియా ప్రదర్శనలో పెడితే దేశమంతా చూసింది. రిజిస్ట్రేషన్ చేతికొచ్చింది 2017లో, ఎగరడానికి పర్మిట్ 2019లో. ఆష్‌కాష్‌లో ఇలాంటివాళ్లకు వరుసలకు వరుసలే కేటాయిస్తారు. బేగంపేటలోనే ఏవియేషన్ అకాడమీ ఉంది, శిక్షణ విమానాలున్నాయి. ప్రదర్శన ఆఖరి రోజుల్లో వాటి ఇంజిను మూతలు తీసి, పక్కన ఓ ఇన్‌స్ట్రక్టర్‌ని నిలబెట్టి బడిపిల్లలకు చూపించడానికి కోట్లేం అక్కర్లేదు.

అమెరికాలో ఉండి వెళ్లాలనుకునేవాళ్లకు రెండు ముక్కలు. హోటల్ గదులు నెలల ముందే అయిపోతాయి, అలాంటప్పుడు స్థానిక యూనివర్సిటీ హాస్టల్ గదులు అద్దెకిస్తారేమో చూడండి. మధ్యాహ్నం ఎయిర్‌షో మొదలవగానే జనమంతా రన్‌వే వైపు పరుగెడతారు. మీరు హోంబిల్ట్ వరుసల్లోకి నడవండి. కట్టినవాళ్లు తీరిగ్గా రెక్క నీడన కూర్చుని ఉంటారు. రివెట్ల గురించి ఎంతసేపు అడిగినా విసుక్కోరు.