విన్న పాటల వార్షిక పద్దు

ఏటా డిసెంబరు వచ్చేసరికి, పాటలు వినిపించే మొబైల్ యాప్‌లు శ్రోతలకు ఒక జాబితాను పంపుతున్నాయి. ఆ సంవత్సరంలో ఎవరు ఏ పాటను ఎక్కువసార్లు విన్నారో, ఏ గాయకుల పాటలపై ఎంత సమయం గడిపారో అందులో అంకెలతో సహా ఉంటుంది. స్పాటిఫై సంస్థ 2016 నుంచి ‘ర్యాప్డ్’ పేరుతో ఇస్తున్న ఈ నివేదిక, 2019లో ఆ సంస్థ భారతదేశంలో సేవలు ప్రారంభించిన తరువాత తెలుగు శ్రోతలకూ అలవాటైంది. అయితే నిజామాబాద్ జిల్లాలోని బోధన్ వంటి పట్టణంలో ఏడాది పొడవునా చెవిన పడే సంగీతంతో సరిపోల్చి చూస్తే, ఇటువంటి జాబితా విన్నదానిలో ఒక వాటాను మాత్రమే చూపగలదని తేలుతుంది.

సంవత్సరాంతంలో పాటలకు వరుస కట్టడం కొత్త ఆచారం కాదు. 1952 చివర రేడియో సిలోన్‌లో మొదలైన ‘బినాకా గీత్‌మాలా’లో అమీన్ సయానీ వారం వారం హిందీ సినిమా పాటలను స్థానాల వారీగా వినిపించి, ఏడాది ముగింపులో ఆ సంవత్సరపు మేటి పాటల పట్టికను ప్రకటించేవారు. ఆ వరుసకు రికార్డుల అమ్మకాలు, శ్రోతల సంఘాల అభిప్రాయాలు ఆధారంగా ఉండేవి. అబ్రకపు గనులున్న ఝుమ్రీ తలయ్యా అనే చిన్న పట్టణం, పాటలు కోరుతూ రేడియోకు రాసిన ఉత్తరాలతోనే దేశమంతటా పేరు తెచ్చుకుంది. ఆనాటి శ్రోత తన ఇష్టాన్ని తానే రాసి పంపగా, నేటి యంత్రం శ్రోత అలవాటును గమనించి ఇష్టాన్ని ఊహిస్తుంది.

ఈ ఊహకు ఒక పద్ధతి ఉంది. స్పాటిఫైలో ఒక పాట కనీసం 30 సెకన్లు మోగితేనే అది విన్నట్టుగా నమోదవుతుంది. ఒకే తరహా పాటలు వినేవారిని పోల్చి, ఒకరు విన్నదాన్ని మరొకరికి సూచించే విధానాన్ని ‘సహకార వడపోత’ అంటారు. కొత్త పాటలు పరిచయం కావడం చాలావరకు దీని చలవే. అయితే యంత్రం గుర్తించేది ఖాతానే కాని మనిషిని కాదు. పెళ్లి బరాత్‌లో ఎవరి ఫోన్‌ను డీజే పెట్టెకు కలిపితే వారి ఖాతాలో తీన్‌మార్ పాటలు చేరతాయి. వీధంతా విన్నా లెక్క ఒక్కరిదే.

1937లో నెలకొన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీ, దాని చుట్టూ పెరిగిన షక్కర్‌నగర్ కాలనీ బోధన్‌కు గుర్తింపు తెచ్చాయి. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినా, తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపించే పట్టణంగా బోధన్ అలాగే ఉంది. ఇక్కడి పాటలకు పండుగలే ఋతువులు. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిది రోజులకు సద్దులతో ముగిసే బతుకమ్మలో, ఒకామె చరణాన్ని ఎత్తుకుంటే మిగిలినవారు చప్పట్లతో వలయంగా తిరుగుతూ ‘ఉయ్యాలో’ అనో ‘చందమామ’ అనో అందుకుంటారు. పాడేవారే వినేవారు కూడా అయిన ఈ సంగీతం ఏ ఖాతాలోనూ నమోదు కాదు. చాంద్రమానాన్ని అనుసరించే మొహర్రం ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది కనుక, పీరీల పండుగ పాటలు ఏటికేడు తేదీ మార్చుకుంటాయి. అయ్యప్ప దీక్షల భజనలు ఊపందుకునేది నవంబరు, డిసెంబరులలో కాగా, ర్యాప్డ్ లెక్క జాబితా విడుదలకు కొన్ని వారాల ముందే ఆగిపోతుంది.

కొత్తగా కనుగొన్న పాట అనే మాటనూ జాగ్రత్తగానే వాడాలి. 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రం ద్వారా లక్షలాది ఫోన్లకు చేరిన ‘సారంగదరియా’, సుద్దాల అశోక్‌తేజ జానపద పల్లవిని తీసుకుని అల్లగా మంగ్లి పాడిన పాట. అదే దర్శకుడు శేఖర్ కమ్ముల 2017లో తీసిన ‘ఫిదా’, బోధన్‌కు పొరుగునే ఉన్న బాన్సువాడ నేపథ్యంగా ఈ ప్రాంతపు యాసను తెర మీదికి తెచ్చింది. నగర శ్రోత జాబితాలో ‘సారంగదరియా’ వంటి పాట కొత్త పరిచయంగా కనిపించవచ్చు. పల్లెలో పెరిగినవారికి మాత్రం అది పాత పాట కొత్త వాద్యాలతో తిరిగి రావడమే.

కాబట్టి ఏడాది సంగీతాన్ని నిజంగా సమీక్షించుకోదలచినవారు యాప్ జాబితాను పారేయనక్కరలేదు, దానినే సంపూర్ణమని నమ్మనూ అక్కరలేదు. దాని పక్కన సొంత నోటుపుస్తకం ఒకటి ఉంచి, పాట పేరు, విన్న చోటు, పాడినవారు, మళ్లీ వెతికి విన్నదీ లేనిదీ రాసుకుంటే, ఎన్నిసార్లు అన్న ప్రశ్నతో పాటు ఎందుకు అన్న ప్రశ్నకూ సమాధానం దొరుకుతుంది. బతుకమ్మ పాటలు ఇంకా నోటికి వచ్చిన పెద్దలు ఇంట్లో ఉంటే, వారి అనుమతితో ఈ ఏడాది ఒక్క పాటనైనా రికార్డు చేసి పెట్టుకోవడం ప్రతి పాఠకుడూ చేయదగిన పని.